ఎనిమిది రోజుల లెక్క

ఫిబ్రవరి 4, 2024

మజ్జిగ లేకుండా అన్నం ముగించడం ఇవాళ్టికి ఆరో రోజు. పాలు, పెరుగు, చేపలు, గుడ్డులో పచ్చసొన వద్దన్నారు. అయోడిన్ కలిపిన ఉప్పు అసలే వద్దు. అమ్మ వచ్చి నాకు విడిగా వండుతోంది. థైరాయిడ్ మాత్ర ఆపి కూడా చాలా రోజులైంది. పొద్దున లేస్తే మొహం ఉబ్బి ఉంటోంది. నాలుగు మెట్లెక్కితే కూలబడాలనిపిస్తోంది.

ఆపరేషన్‌లో థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. అయినా కంటికి కనబడని కణాలు మెడలో మిగిలే ఉంటాయట. వాటికి అయోడిన్ ఆకలి పుట్టించాలి. ఈ పథ్యమంతా అందుకే.

అమ్మ పొయ్యి దగ్గరి నుంచే అడిగింది: “ఉప్పులో ఉన్నదీ అయోడినే, ఆసుపత్రిలో మింగించేదీ అయోడినే అంటివి. మరి ఇది వద్దూ, అది కావాలీ ఏంటే?”

పంతొమ్మిదేళ్లుగా తొమ్మిదో తరగతికి ఐసోటోపులు చెబుతున్నాను. బోర్డు మీద మూడు వృత్తాలు గీసి ప్రోటియం, డ్యుటీరియం, ట్రిటియం. పక్కన క్లోరిన్ 35, క్లోరిన్ 37. ప్రోటాన్లు సమానం, న్యూట్రాన్లు వేరు. ఆ వాక్యం నిజమే. కానీ అమ్మ అడిగినదానికి అది జవాబు కాదు.

ఫిబ్రవరి 11, హైదరాబాద్

రేపు మింగబోయే రేడియోధార్మిక అయోడిన్ మోతాదు 100 మిల్లీక్యూరీలని కాగితం మీద రాసిచ్చారు. నిద్ర పట్టలేదు. లేచి లెక్క వేశాను.

100 మిల్లీక్యూరీలంటే సెకనుకు 370 కోట్ల కేంద్రకాలు విచ్ఛిన్నమవుతాయి. అయోడిన్ 131 అర్ధజీవితకాలం ఎనిమిది రోజులు, సెకన్లలో సుమారు 6,93,000. దాన్ని 0.693తో భాగిస్తే పది లక్షలు. ఆ పది లక్షలతో 370 కోట్లను గుణిస్తే పరమాణువుల సంఖ్య వస్తుంది: 37 పక్కన పద్నాలుగు సున్నాలు. అవగాడ్రో సంఖ్యతో బరువు కట్టాను. ఒక మైక్రోగ్రాము కూడా రాలేదు, 0.8 వచ్చింది. తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

మనం కొనే గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన. అంటే ఒక్క గ్రాము ఉప్పులోనే రేపటి మందుకు పద్దెనిమిది రెట్లకు పైగా మామూలు అయోడిన్ ఉంది. ఈ రెంటిలో ఏది ముందు దొరికితే కణం దాన్నే తీసుకుంటుంది. తేడా తెలుసుకునే దారి దానికి లేదు.

ఎందుకు లేదన్నదే అసలు సంగతి. కేంద్రకంలో 53 ప్రోటాన్లుంటే చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్లు ఉండాలో, అవి ఎలా అమరాలో తేలిపోయినట్టే. ఉప్పులోని అయోడిన్‌లో 74 న్యూట్రాన్లు, రేపటిదాంట్లో 78. ఆ ఎక్కువైన నాలుగూ నడిమధ్యన ఉంటాయి, వాటికి విద్యుదావేశం లేదు. అయోడిన్ పరమాణువును వంద మీటర్ల ఆటస్థలంగా పెంచితే, కేంద్రకం మధ్యలో ఒక మిరియపు గింజంత ఉంటుంది. శరీరానికి తగిలేది ఆటస్థలం అంచే. మిరియపు గింజలో ఏముందో దానికి అందదు.

1913లో శాస్త్రవేత్త సాడీ ఇలాంటివాటికి పేరు వెతుకుతుంటే ‘ఐసోటోప్’ అన్న మాట సూచించింది మార్గరెట్ టాడ్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ. ఒకే చోటు అని దాని అర్థం. న్యూట్రాన్ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. చాడ్విక్ దాన్ని కనుక్కున్నది 1932లో.

ఫిబ్రవరి 12

సీసం డబ్బాలోంచి మాత్ర తీసిచ్చారు. మామూలు గొట్టం మాత్రే. నీళ్లతో మింగాను. ఇచ్చినాయన వెంటనే గుమ్మం దాటి వెళ్లిపోయారు. నీళ్లు బాగా తాగమన్నారు. మా ఆయనతో మాటలు ఫోన్‌లో మాత్రమే.

గదిలో ఒక్కదాన్నే కూర్చుని నాలో జరుగుతున్నది ఊహించుకుంటున్నాను. ఆ అయోడిన్ కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది. ఒక ఎలక్ట్రాన్ వేగంగా బయటికి పోతుంది. మహా అయితే రెండు మిల్లీమీటర్లు వెళ్లి ఆగిపోతుంది. దానికి అందేది పక్కనున్న కణాలే. గామా కిరణం మాత్రం నన్ను దాటి బయటికి పోతుంది. ఈ గోడల్లో సీసం అందుకే.

ఈ ఐసోటోప్‌ను 1938లో బర్క్‌లీలో కనుక్కున్నవాళ్లు లివింగుడ్, సీబోర్గ్. తర్వాత సీబోర్గ్ తల్లికి థైరాయిడ్ జబ్బు వస్తే ఇదే వైద్యం చేశారు. కొడుకు కనుక్కున్నది తల్లికి మందైంది. ఇవాళ ఎందుకో ఆవిడే పదేపదే గుర్తొస్తోంది.

ఫిబ్రవరి 14

మీటరు పెట్టి చూసి ఇంటికి వెళ్లమన్నారు. ఈ నోట్‌బుక్‌కూ మీటరు పెట్టి చూశాకే వదిలారు. మూడు వారాలు పిల్లలకు దూరంగా ఉండాలి. పాప మా చెల్లెలి ఇంట్లో ఉంది.

వేరే గదిలో నేను, గుమ్మం అవతల అమ్మ. ఇప్పుడు చెప్పాను: “రేషన్ షాపులో కార్డు చూసే కదమ్మా ఇస్తారు. ఈ రెండు అయోడిన్ల దగ్గరా ఒకే కార్డు. కణం కార్డే చూస్తుంది, చేతి సంచిలో ఏముందో చూడదు.”

అమ్మ కాసేపు ఆలోచించింది. “అయితే ఉప్పు తింటే అదే ముందు వరసలో నిలబడేది. సరుకు అయిపోయాక నీ మందు ఉత్త చేతులతో వెనక్కి పోయేది. అంతేనా?”

అంతే. నేను ఇన్నేళ్లు బోర్డు మీద చెప్పనిది అదే.

ఫిబ్రవరి 20

ఎనిమిది రోజులు. స్కాన్ తీశారు. బయటికొచ్చే గామా కిరణాలతోనే బొమ్మ కడుతుంది. తెర మీద మెడ దగ్గర ఒక నల్లటి చుక్క. లాలాజల గ్రంథులు, కడుపు, మూత్రాశయం కూడా కనిపించాయి, అవి ఎవరికైనా ఉండేవేనట. “ఇంకెక్కడా లేదమ్మా” అన్నారు డాక్టరుగారు. కారులో చాలాసేపు ఏడ్చాను. మా ఆయన ఏమీ అడగలేదు.

ఇవాళ్టికి ఆ పరమాణువుల్లో సగం విచ్ఛిన్నమైపోయి ఉంటాయి. మిగతావాటిలో చాలామటుకు మొదటి రెండు మూడు రోజుల్లోనే నీళ్లతో పాటు బయటికి పోయి ఉంటాయి. ఏది ఎప్పుడు పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. పరమాణువుకు ముసలితనం లేదు. ఎనిమిది రోజులు నిలిచినదానికి కూడా, మొదటి రోజున ఉన్నట్టే, రానున్న ఎనిమిది రోజుల్లో పోయే అవకాశం సగానికి సగం. కోట్లకొద్దీ ఉన్నాయి కాబట్టే మొత్తం లెక్క గడియారంలా నడుస్తుంది. ఇది తరగతిలో నాణేలు ఎగరేయించి చూపించాలి. బొమ్మ పడినవి పక్కన పెట్టి, మిగిలినవి మళ్లీ ఎగరేయాలి.

రాత్రి పెరుగన్నం తిన్నాను.

ఫిబ్రవరి 28

సైన్స్ దినోత్సవం. బడికి ఇంకా వెళ్లకూడదు కాబట్టి వీడియో కాల్‌లో తొమ్మిదో తరగతితో మాట్లాడాను. ఇవాళ్టికి పావు వంతు మిగిలింది అని మొదలుపెట్టి, న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారితే 53 కాస్తా 54 అవుతుందన్నాను. అప్పుడది అయోడిన్ కాదు, ఏమవుతుంది? ఆవర్తన పట్టికలో వేలుపెట్టి వెతికి, అందరూ ఒకేసారి “జినాన్!” అన్నారు.

వెనక బెంచీ అమ్మాయి లేచింది. “ఆ జినాన్ ఇప్పుడు ఎక్కడుంది టీచర్?”

అది ఒంట్లో దేనితోనూ కలవని వాయువు. రక్తంతో పాటు ఊపిరితిత్తుల దాకా వచ్చి, శ్వాసతో బయటికి పోతుందన్నాను.

“అంటే మీరు మాట్లాడుతుంటే ఇప్పుడు కూడా వస్తోందా?”

వస్తోంది, అన్నాను.