అలక వాహనం

మా మేడమెట్ల కింద ఒక మోటారు సైకిలు వుంది. వుంది అనడమే గాని, అది కదిలి పదకొండేళ్ళయింది. దానిమీద ఒక పాత దుప్పటీ, ఆ దుప్పటిమీద మా ఆవిడ వడియాల చాపా. ప్రస్తుతం దాని వైభవం అది.

యెజ్డీ బండి. 1978 నాటిది. మైసూరులో 1961 మొదలు జావా పేరుతోనూ, తరవాత యెజ్డీ పేరుతోనూ ఈ బళ్ళు చేసేవారు. 1996లో ఆ కార్ఖానా మూతపడింది. ఇంజనులో సిలిండరు ఒక్కటే, పొగగొట్టాలు మాత్రం రెండు. కిక్కు కొట్టే కడ్డీయే తిప్పితే గేరు కడ్డీ అయిపోతుంది. చిన్నప్పుడు నాకది ఇంద్రజాలంలా తోచేది. ట్యాంకుమీద బోర్లా పడుకుని, మా నాన్నగారి చేతులమధ్య తెనాలినుంచి రేపల్లెదాకా వెళ్ళిన ఆదివారాలు నాకింకా కళ్ళకు కట్టినట్టుంటాయి. అమ్మ మాత్రం మూటా ముల్లే పట్టుకుని బస్సులో వచ్చేది. ఆడవాళ్ళకి బస్సే సుఖం కాబోలు అనుకునేవాణ్ణి. ఛందస్సు చెప్పి బతికేవాడికి లోకజ్ఞానం ఎంతుంటుందో మీకు తెలియనిదేముంది!

ఈ వేసవిలో రెండు సంగతులు ఒక్కసారే వచ్చిపడ్డాయి. నాన్నగారు పడుకునే గది శ్లాబు పోయిన వానల్లో కురిసింది. మేస్త్రీ నలభై అయిదు వేలన్నాడు. దాచింది సరిగ్గా అంతే వుంది. ఆ వారంలోనే పాత బళ్ళు కొనే కుర్రాడొకడు వచ్చి, దుప్పటి యెత్తి చూసి, "వున్నదున్నట్టు యాభై వేలు ఇస్తాను సార్" అన్నాడు.

"లక్ష్మీదేవి గుమ్మంలోకొచ్చి నిలబడితే ఆలోచిస్తారేమండీ?" అంది మా ఆవిడ.

నేను ఆలోచించాను. అంతటితో ఆగక మెకానిక్కును కూడా పిలిచాను. ఆయన కిక్కుమీద కాలు పెట్టి నొక్కితే కడ్డీ కదల్లేదు. "పిస్టను పట్టేసింది. బోరు చేయించాలి. క్రాంకు సీళ్ళు గట్టిపడి వుంటాయి. అవి పోతే ఇంజను దొంగగాలి పీలుస్తుంది, యెంత తన్నినా సరిగా పలకదు. ట్యాంకులోపల తుప్పు" అంటూ వేళ్ళు మడిచి, చివరికి అరవై వేలన్నాడు. రంగు వేరే. రిజిస్ట్రేషను యెప్పుడో చెల్లిపోయింది, దాని తిప్పలు వేరే. 2028లో బండికి యాభయ్యేళ్ళు నిండుతాయి గనక, 2021లో వచ్చిన నిబంధన ప్రకారం పురాతన వాహనాల్లో చేర్చుకోవచ్చునట. చేర్చితే మరి రోజూ కాలేజీకి వేసుకుపోరాదు. అలంకరించి చూసుకోవడానికి ఇంట్లో మరో విగ్రహం అన్నమాట.

ఆ రాత్రి నాన్నగారి దగ్గర కూర్చుని, "మీ గుర్తుగా వుంటుంది, బాగుచేయిద్దామనుకుంటున్నాను నాన్నా" అన్నాను. సంతోషిస్తారనే అనుకున్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీ అమ్మ ఆ బండెప్పుడైనా యెక్కిందిరా?" అని అడిగారు.

నేను వెతుక్కున్నాను. ఒక్క రోజు కూడా దొరకలేదు.

"అలకపాన్పుమీద అడిగాను దాన్ని. వుంగరమిస్తామన్నారు, గడియారమిస్తామన్నారు. నేను దిగలేదు. మా వాళ్ళు వెనకనించి యెగదోశారు. మీ తాతయ్య కాలవకింద అరెకరం అమ్మేశాడు. బండి ఇంటికొచ్చిన రోజున మీ అమ్మ దానికి బొట్టు పెట్టింది, హారతిచ్చింది. యెక్కమంటే మాత్రం యెక్కలేదు. నలభై అయిదేళ్ళ కాపురంలో నన్ను ఒక్క మాట అనలేదురా." ఆయన గోడవైపు తిరిగారు. "అమ్మెయ్యి. ఆ డబ్బు మీ మామయ్యకిచ్చిరా. శ్లాబు సంగతి తరవాత."

అమ్మ పోయి మూడేళ్ళు. ఈ మాట ఆవిడ వుండగా అని వుంటే, అనిపించింది. ఆయనకీ అనిపించే వుంటుంది. అందుకే నేను నోరెత్తలేదు.

మామయ్యకి ఫోనులో చెప్పడం చేతగాక, ఒకసారి రమ్మన్నాను. అరవై రెండేళ్ళ మనిషి, రేపల్లెనుంచి బస్సులో వచ్చాడు. అమ్మ పెళ్ళినాటికి పద్నాలుగేళ్ళవాడు. వస్తూనే మెట్లకిందికి వెళ్ళి, వడియాల చాప పక్కనపెట్టి, దుప్పటి లాగేసి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇదేనా మా అరెకరం?" అన్నాడు.

నాన్నగారు కుర్చీలోంచి లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయారు.

"ఒక్కసారి తోలనీ బావా అని యెన్నిమాట్లు అడిగానో! తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు మహానుభావుడు" అని మామయ్య నాతో అంటూ, ఆయనకేసి చూసి నవ్వాడు. నేను డబ్బు సంగతి యెత్తేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. "ఆ చేను కొన్నవాళ్ళు ఇప్పుడందులో ఇళ్ళు కట్టుకున్నారు. యాభై వేలు ఏ గట్టుమీద పెట్టుకోమంటావురా?"

కాసేపు ఆ రెండు పొగగొట్టాల మీద దుమ్ము కండువాతో తుడిచాడు. "ముందు దీన్ని నడిపించు. రేపల్లెదాకా నేను తోలతాను. బావ వెనక కూర్చుంటాడు."

"నాకు మోకాళ్ళు వంగవురా" అన్నారు నాన్నగారు.

"వంచుకో" అన్నాడు మామయ్య.

మర్నాడు శ్లాబుమీద కప్పడానికి టార్పాలిను కొన్నాను. మెకానిక్కుకు పదివేలు బయానా ఇచ్చాను. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు మాత్రం, ఆ బండికి వెనకసీటు మెత్తగా వేయించమని చెప్పింది.