తాతగారి ఎర్ర చుక్కలు

గౌలిగూడలో పాత బస్సుస్టాండు ఉండేది చూశారూ, 2018లో కూలిపోయిన ఆ పెద్ద రేకుల షెడ్డు, దాని వెనక సందులో నా శిష్యుడొకడున్నాడు. వాళ్ల తాతగారు పద్యాలు వ్రాసుకున్న నోటుపుస్తకం అంచులు చెదలకు సమర్పణమై, మిగిలినది పెదనాన్నగారి పెట్టెలో అమెరికా ప్రయాణానికి సిద్ధంగా ఉన్నది. తాతగారికో అలవాటు. మాట కుదరలేదనిపిస్తే దాని నెత్తిన ఎర్రసిరాతో సూదిమొనంత చుక్క పెట్టేవారట.

పుస్తకం విమానం ఎక్కేలోగా కుర్రవాడు 116 పుటలూ డిజిటల్ కెమేరాతో తీసుకున్నాడు. పాత కాగితం గనక ఫ్లాష్ వద్దన్నారు పెద్దలు. మే నెల, చీకటి గది, ఒకే కిటికీ, పుటకు రెండు సెకన్లు.

"మాస్టారూ, తాతగారు ప్రతి పుటలోనూ రెండేసి మాటలను శంకించారండీ!" అంటూ వచ్చాడు. పైగా పుటకో పచ్చచుక్క. ఆ పచ్చసిరా అంతరార్థం మీద వ్యాసం కూడా మొదలుపెట్టాడు. మా తెలుగువాళ్లకు చుక్క దొరికితే చాలు గదా!

తాతగారు ఎంత నియమవంతులైనా, ప్రతి పుటలోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట తప్పు పట్టరు. నాలుగు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాం. పద్యం మారుతున్నది, చుక్క కదలడం లేదు. లెన్సుకు మూత బిగించి, అదే రెండు సెకన్లకు మీట నొక్కమన్నాను. కటికచీకటి ఫొటోలో ఎర్రవి రెండు, పచ్చది ఒకటి నిక్షేపంగా వెలుగుతున్నాయి!

కెమేరాలో బొమ్మ పడే పలక మీద కోట్లకొద్దీ గళ్లుంటాయి. ఒక్కో గడిపైన ఒక్కో రంగు గాజుపొర అనుకోండి. ప్రతి నాలుగింటిలో రెండు పచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన అమరిక అది. వెలుతురు పడకపోయినా పడిందని ఏ గడి అయినా అబద్ధమాడితే దాని రంగే చుక్కగా దిగుతుంది. వేడి పెరిగినా, ఎక్కువసేపు తెరిచి ఉంచినా ఈ అబద్ధాలు ఎక్కువవుతాయి. మన వేసవి సంగతి వేరే చెప్పాలా? కోఠీలో ఒక దుకాణదారు లెన్సు మార్చమన్నాడట. పాపం, లెన్సుకు ఇందులో ఏ పాపమూ లేదు. పలక మీద దుమ్ము పడితే మచ్చ వస్తుంది గాని, అది మసకగా, బూడిదరంగున ఉంటుంది.

కొన్ని కెమేరాల్లో పిక్సెల్ మ్యాపింగ్ అనే ఏర్పాటున్నది. చెడిన గళ్లను గుర్తుపెట్టుకుని, ఇరుగుపొరుగు గళ్ల సాక్ష్యంతో ఆ చోటు పూడుస్తుంది. అది ఇకముందు తీసే ఫొటోలకు. తీసినవాటి మాటేమిటి? మచ్చలన్నిటినీ ఒక్క దెబ్బకు మాయం చేసే ఉపాయం కంప్యూటరులో ఉన్నదన్నాడు కుర్రవాడు. వద్దుగాక వద్దన్నాను. దానికి తాతగారి చుక్కా ఒకటే, గడి చుక్కా ఒకటే. మూత పెట్టి తీసిన ఫొటోను పటంలా దగ్గరుంచుకుని, పుటపుటకూ ఆ మూడుచోట్లే చెరిపాడు. నాలుగు రాత్రులు పట్టింది.

మొత్తం పుస్తకంలో 11 చుక్కలు మిగిలాయి. 43వ పుటలో "సుఖము" అన్న మాట మీద రెండున్నాయి. రెండూ తాతగారివే.