బండి అమ్మాలా, వుంచుకోవాలా?

సంఘం సమావేశానికి వచ్చినప్పుడల్లా, కాఫీ కప్పు చేతిలో పడగానే, ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతారు: "మీ ట్రక్కు ఏమయిందండీ?" అమ్మేశామని చెబితే వెంటనే రెండో ప్రశ్న: "ధరలు మండిపోతున్నప్పుడు అమ్మకుండా, దిగిపోయాక అమ్మారేమిటి?" దీనికి సరిగా జవాబు చెప్పాలంటే కాఫీ చల్లారిపోతుంది. అందుకని వ్రాస్తున్నాము. ఇందులో "మేము" అంటే దంపతులమిద్దరమూ. అమ్ముదామన్నది ఎవరో, వద్దన్నది ఎవరో మాత్రం వ్రాయబోవడం లేదు. సద్దుమణిగిన తగాదాను పత్రికకెక్కించి మళ్ళీ లేపుకోవడం దేనికి?

మా బండి 2016లో కొత్తగా కొన్న టయోటా టకోమా పికప్పు. శాన్ ఆంటోనియో ఫ్యాక్టరీలో తయారయింది. వెల 31,000 డాలర్లు. కంప్యూటరు ముందు కూర్చునే వుద్యోగాలకు ఈ మోటబండి ఎందుకని స్నేహితులు నవ్వారు. నవ్వినవారే తరువాత ఫోన్లు చేశారు. ఉగాది నాటకానికి స్టేజీ చెక్కలు మోసింది అదే. చవితినాడు వినాయకుణ్ణి హాలుకు చేర్చింది అదే. ఇండియానుంచి కొత్తగా దిగిన కుర్రాళ్ళ పరుపులు, పాత సోఫాలు ఒక అపార్టుమెంటునుంచి మరొక అపార్టుమెంటుకు ఎన్నిసార్లు తరలించిందో లెక్కలేదు. సంఘానికి సొంత ఆస్తి ఏమీ లేకపోయినా, మా బండి వుందన్న ధైర్యం వుండేది.

అయితే ఆ బండి విలువ మాకు నిజంగా తెలిసింది 2021 ఫిబ్రవరిలో. ఆ చలి డల్లాసు ప్రాంతంలో వున్న ఎవరికీ మరపు రాదు. 15వ తేదీ తెల్లవారకముందే కరెంటు పోవడం మొదలైంది. 16న ఇక్కడి విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత ఫారెన్‌హీటులో సున్నాకు రెండు డిగ్రీలు దిగువకు పోయింది. అప్పుడు మా ఇంట్లో అమ్మ వుండేది. మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు, ఇద్దరమూ అమ్మ అనే పిలిచేవాళ్ళం. వయస్సు డెబ్బైఆరు. వూపిరితిత్తుల జబ్బువల్ల రాత్రిపూట ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని పడుకునేది. యంత్రానికి కరెంటు కావాలి. విడిగా వుంచిన ఆక్సిజన్ సిలిండరు సాయంత్రానికి అయిపోవచ్చింది.

పన్నెండు మైళ్ళ దూరంలో ఒక మిత్రుల ఇంట్లో కరెంటు వున్నదని తెలిసింది. రోడ్లన్నీ అద్దంలా గడ్డకట్టి వున్నాయి. ఖాళీ పికప్పు మంచుమీద నిలవదు, వెనక బరువు లేక తోక జాడిస్తుంది. అందుకని ఇంట్లో వున్న నాలుగు బియ్యం బస్తాలు, తోటకని కొన్న మట్టి సంచులు వెనక తొట్టిలో చక్రాల పైభాగానికి సర్దాము. అమ్మను దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టాము. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, పది మైళ్ళ వేగంతో, గంటన్నరలో చేరాము. దారిలో పక్కకు జారి ఆగిపోయిన కార్లు కనిపిస్తూనే వున్నాయి. అమ్మ ఒక్కమాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం బండి తలుపుమీద చెయ్యివేసి, ఎద్దును నిమిరినట్టు నిమిరింది.

ఆ తరువాత ఏడాదికి, 2022 జనవరిలో, ఒక డీలరు దగ్గరనుంచి వుత్తరం వచ్చింది. మీ బండి మాకు కావాలి, తెచ్చి చూపండి అని. సరదాకు తీసుకువెళ్ళాము. ఆరేళ్ళ బండి, మీటరుమీద 62,000 మైళ్ళు. చుట్టూ తిరిగి చూసి 29,000 ఇస్తామన్నారు. కొన్న ధరకు రెండువేలే తక్కువ! ఆరేళ్ళు దాదాపు వూరికే తిరిగినట్టయింది గదా అని మేమిద్దరమూ మొహాలు చూసుకున్నాము.

ఇలా ఎందుకయిందో కొంచెం చెప్పాలి. 2020 వసంతంలో కరోనావల్ల ఫ్యాక్టరీలు మూసినప్పుడు, కార్ల కంపెనీలు తాము కొనవలసిన చిప్పుల ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఇళ్ళలో కూర్చున్న జనం కంప్యూటర్లు ఎగబడి కొనడంతో చిప్పులు అటు పోయాయి. కార్ల గిరాకీ అనుకున్నదానికన్న ముందే తిరిగి వచ్చేసరికి చిప్పులు లేవు. దానికితోడు మనను వణికించిన ఆ చలే ఆస్టిన్‌లో చిప్పులు చేసే ఫ్యాక్టరీలను కూడా మూయించింది. మార్చిలో జపానులోని హిటాచినాకా పట్టణంలో మరొక ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. కొత్త బండ్లు రాక జనం పాతవాటిమీద పడ్డారు. 2020లో తమ కార్లు తెగనమ్ముకున్న అద్దె కంపెనీలు కూడా వచ్చి పాతవే కొన్నాయి. 2022 జనవరిలో ప్రభుత్వం వేసిన లెక్కలో పాత కార్లు, ట్రక్కుల ధరలు ఏడాదిలో నలభై శాతం పెరిగాయి.

వేరే దేశంనుంచి పికప్పులు దించుకోవచ్చు గదా అని మాకూ అనిపించింది. దానికి అడ్డం 1964 నుంచి వున్న ఒక పన్ను. అమెరికా కోళ్ళమీద ఐరోపా దేశాలు సుంకం పెంచితే, దానికి బదులుగా అమెరికా వేసిన సుంకాలలో దిగుమతి ట్రక్కులమీద 25 శాతం ఒకటి. మిగతావి పోయినా ట్రక్కులది 2022లోనూ పోలేదు. ఎప్పటివో కోళ్ళ తగాదా వచ్చి మా ఇంటి వాకిట్లో బండి ధరను పట్టుకుందన్నమాట!

ఇక మా ఇంటి తగాదా. మా అబ్బాయి ఆ శరత్తులో కాలేజీకి వెళ్ళాలి. మొదటి ఏడాదికి చేతిలో వున్నది పోగా 20,000 తక్కువ పడుతున్నది. మాలో ఒకరికి 2020లో తొమ్మిది నెలలు వుద్యోగం లేదు, దాచినదంతా అప్పుడు కరిగింది. బండి అమ్మితే ఆ సొమ్ము చేతిలో వున్నట్టే. ఇంట్లో ఇంకొక చిన్నకారు వుండనే వున్నది. "ఇనుము చల్లారితే సాగదు, ఇప్పుడే అమ్మాలి" అని ఒకరు. "అవసరానికి ఆదుకున్నదాన్ని అమ్ముకుంటామా" అని మరొకరు. రెండు వారాలు ఇంట్లో కూరల్లో ఉప్పు కూడా సరిగా పడలేదు.

చివరకు కాగితం తీసుకుని కూర్చున్నాము. అమ్మి, అలాంటిదే మళ్ళీ కొంటే ఏమవుతుంది? కొత్తది 38,000, దానిమీద డీలరు అదనంగా అడుగుతున్నది 3,000, మూడు నెలలు ఆగాలి. పాతది అక్కడే మార్చుకుంటే మన రాష్ట్రంలో ఆ విలువకు 6.25 శాతం అమ్మకపు పన్ను తగ్గుతుంది, అంటే 1,800 డాలర్ల పైచిలుకు కలిసివస్తుంది. అయినా చేతినుంచి పన్నెండువేలకు పైగా పడుతుంది. ఎక్కువ ధరకు అమ్మినవాడు ఎక్కువ ధరకే కొనాలి. కాబట్టి ఆ దారి మూసుకుంది. లాభం వుండేది అమ్మి, మళ్ళీ కొననివాడికే.

అయితే కొనకుండా వుండగలమా? ఇది మాటలతో తేలేది కాదని, ఒక నెలరోజులు నోటుపుస్తకం పెట్టాము. ట్రక్కు తప్ప వేరే ఏదీ పనికిరాని ప్రయాణాలు మాత్రమే అందులో వ్రాయాలి. నెల తిరిగేసరికి పన్నెండు ప్రయాణాలకుగాను నాలుగే అలాంటివి. ఆ నాలుగింటిలో మూడు ఇతరుల సామాను. రోజు అద్దెకు ట్రక్కు తెచ్చుకుంటే ఒక్కోసారి అరవై డాలర్లలో పోతుంది. లెక్క స్పష్టంగా అమ్మమనే చెప్పింది. వద్దన్నవారు కూడా పుస్తకం మూసి, "సరే, అమ్మేద్దాం" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మతో చెప్పాము. అమ్మ మజ్జిగ కలుపుకుంటూ కాసేపు వూరుకుని, తరువాత మాకు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. వాళ్ళది రేపల్లె దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రోజు వాళ్ళ వూరిమీదా గాలి విరుచుకుపడింది. ఇల్లు కప్పు లేచిపోయింది గాని, ఎడ్లజత బతికింది. అవతల కృష్ణ ఒడ్డున పశువులు లెక్కలేనన్ని పోయాయి. ఎడ్లకు ఎన్నడూ లేని ధర పలికింది.

"ఆయన అమ్మేశారు నాయనా. ఇంటికి కప్పు వేయించాలి, డబ్బు కావాలి, తప్పేముంది? పొలం పనులనాటికి ఎవరివో అద్దెకు తెచ్చుకోవచ్చులే అన్నారు. తీరా కాలవకు నీళ్ళొచ్చి, దమ్ము చేసే రోజున వూరంతా తిరిగినా అరక దొరకలా. అందరూ ఆయన అనుకున్నట్టే అనుకున్నారు గదా! మా నాట్లు నెల ఆలస్యమైనయి. ఆ ఏడు గింజ సగం తాలు."

మేము ఏమీ అనలేదు. అమ్మే మళ్ళీ అన్నది: "అమ్మినందుకు కాదు నేను బాధపడింది. మనకు మళ్ళీ కావాలని తెలిసి కూడా అమ్మినందుకు. మీ బండి మీ ఇష్టం. నాకోసమని మాత్రం వుంచొద్దు."

భోజనం అయ్యాక నోటుపుస్తకం మళ్ళీ తెరిచాము. అందులో మేము వ్రాయని ఒక గడి వున్నదని అప్పుడు తెలిసింది. అద్దెకు అరవై డాలర్లు అని వేశాము గాని, 2021 ఫిబ్రవరి 15 సాయంత్రం, ఆ మంచులో, ఎవరు అద్దెకిస్తారు? ధర ఎందుకు పెరిగింది? దొరకడం లేదు గనుక పెరిగింది. దొరకని వస్తువును, కావలసినప్పుడు ఎక్కడో దొరుకుతుందిలే అనుకుని అమ్మబోతున్నాము. మేము చూసినది ధరే గాని, ఆ ధర వెనకవున్న కొరతను చూడలేదు. మర్నాడు డీలరుకు ఫోను చేసి అమ్మడం లేదని చెప్పాము. కాలేజీకి 20,000 అప్పు తెచ్చాము. ప్రభుత్వం తల్లిదండ్రులకిచ్చే ఆ చదువు అప్పుకు ఆ ఏడాది వడ్డీ 7.54 శాతం.

తరువాత కథలో వీరత్వమేమీ లేదు. 2022 చివరికల్లా పాత బండ్ల టోకు ధరలు సుమారు పదిహేను శాతం దిగాయి. 2023 జనవరి చివర మళ్ళీ మంచు వచ్చింది, మూడురోజులు డల్లాసు స్తంభించింది. కాని ఈసారి మా వీధిలో కరెంటు పోలేదు. బండి వాకిట్లో కదలకుండా కూర్చున్నది. ఇందుకా మనం వేలకు వేలు పోగొట్టుకునేది అని ఒకరు అననే అన్నారు. అమ్మ మాత్రం ఆ రాత్రి రెండుసార్లు లేచి, కిటికీ తెర తొలగించి, బండి వున్నదో లేదో చూసుకుని, మళ్ళీ పడుకుని నిద్రపోయింది.

2023 అక్టోబరులో అమ్మ పోయింది. ఆసుపత్రిలో, నిద్రలోనే. ఆ తరువాత కొన్ని నెలలు బండి ఎక్కితే పక్క సీటువైపు చూడడానికి కష్టంగా వుండేది. అయినా వెంటనే అమ్మలేదు. మనస్సు బాగాలేనప్పుడు బేరం పెట్టుకోకూడదు. 2024 ఉగాదికి చెక్కలు చేరవేసి, తిరిగి దించేటప్పుడు మాలో ఒకరి నడుము పట్టేసింది. అప్పుడు మళ్ళీ నోటుపుస్తకం తెరిచాము. ఈసారి ఆ వ్రాయని గడి కూడా వ్రాశాము. అది ఖాళీగా వున్నది.

మా వీధిలో పచ్చికలు కత్తిరించే మెక్సికోవాసి ఒకాయన ట్రక్కు ఆ వారమే పూర్తిగా చెడిపోయింది. ట్రక్కు లేకపోతే ఆయనకు పని లేదు. డీలరు చెప్పిన 22,000కే ఆయనకు ఇచ్చాము. టైటిలు కాగితంమీద సంతకం చేసి, నంబరు ప్లేట్లు విప్పుకుని, అమ్మినట్టు రాష్ట్ర మోటారు వాహనాలశాఖకు తెలియజేశాము. ఇది ముప్ఫై రోజుల్లోపల చేయాలి. మీలో ఎవరైనా అమ్మితే మరవకండి, లేకపోతే వాళ్ళ టోలు బిల్లులు మీ ఇంటికి వస్తాయి.

లెక్క దాచడం లేదు. రెండేళ్ళ మూడు నెలల్లో ధరలో పోయింది 7,000. అప్పుమీద వడ్డీ రెండువేల ఆరువందలు. మొత్తం తొమ్మిదివేల ఆరువందల డాలర్లు. ఇది తక్కువ సొమ్మని మేము అనము. మాలో ఒకరు ఇప్పటికీ దీన్ని నష్టం అంటారు. మరొకరు అద్దె అంటారు. ఇద్దరమూ ఒప్పుకున్నది ఒక్కటే: ధర ఎక్కువగా వుందని అమ్మకూడదు, తక్కువగా వుందని ఆగకూడదు. మనకు అవసరం తీరిందా లేదా అన్నది ముందు తేలాలి, ధర ఆ తరువాత.

చివరగా ఒక విన్నపం. వచ్చే ఉగాది నాటకానికి స్టేజీ చెక్కలు పద్దెనిమిది వున్నాయి, ఒక్కొక్కటి ఎనిమిది అడుగులు. పికప్పు వున్నవారెవరైనా కార్యదర్శిగారికి ముందుగా తెలియజేయగోరుతున్నాము. ఎత్తడానికి మాలో నడుము బాగున్నవారు తప్పక వస్తారు.