అందరికీ ఒకే పేరు

2004లో ప్రొద్దుటూరులోని ఓ వ్యాపార సంస్థ లెక్కల్ని కంప్యూటర్‌కెక్కించే పని నాకు అప్పగించారు. ఖాతా పుస్తకాల్లోని వివరాల్ని పట్టికలుగా అమర్చి, ఒకదాంతో ఒకటి ముడిపెట్టే ఏర్పాటే రిలేషనల్ డేటాబేస్. 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతి ఇది.

అక్కడ నలుగురు పనిచేసేవారు. నలుగురికీ నాలుగు యూజర్ అకౌంట్లు సృష్టించాలి. అరగంట పని. బద్ధకించాను. ‘ఆఫీస్’ అని ఒకే అకౌంట్ తెరిచి, హక్కులన్నీ దానికే ఇచ్చేశాను. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కి అతికించాను.

మూడు నెలలకు ఒక పెద్ద ఖాతాదారు బాకీ మాయమైంది. ఎవరు చెరిపారని లాగ్ తెరిచి చూశాను. ప్రతి మార్పు పక్కనా ‘ఆఫీస్’ అనే ఉంది! అనుమానం అందరిలోకీ చిన్నవాడి మీద పడింది. కలమల్ల నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రాడు.

‘‘అందులో నా పేరుందా సార్?’’ అని ఒక్కటే అడిగాడు.

లేదు. అతను కాదని చెప్పే ఆధారమూ లేదు. మర్నాటి నుంచి అతను పనికి రాలేదు. బ్యాకప్ నుంచి బాకీ తిరిగొచ్చింది. కుర్రాడు రాలేదు.

ఉండబట్టలేక ఓ ఆదివారం వాళ్ల ఊరెళ్లాను. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికిన ఊరది. క్రీ.శ. 575 ప్రాంతానిదనీ, తెలుగులో దొరికిన తొలి శాసనమనీ చరిత్రకారులు చెబుతారు. తప్పు నాదేనని చెబితే కుర్రాడు తలొంచుకున్నాడు. వాళ్ల నాన్న మాత్రం అన్నాడు: ‘‘మా ఊరి రాతి మీద రాజు గూడా పేరు పెట్టుకున్యాడు నాయనా. మీ మిషన్లో పనిజేసే మా పిల్లోని పేరు ఎందుకు లేదు?’’

నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా మనిషికో అకౌంటే. ‘క్రియేట్ యూజర్’ అంటే పేరు పుడుతుంది, అంతే. ఒరాకిల్‌లోనైతే లోపలికి రావడానికి కూడా విడిగా అనుమతివ్వాలి. ఆపైన ‘గ్రాంట్’ అనే ఆదేశంతో ఎవరికెంత కావాలో అంతే ఇస్తాను. చూసేవాళ్లకు చూసే హక్కు, బిల్లు రాసేవాళ్లకు రాసే హక్కు. చెరిపే హక్కు మాత్రం ఊరికే ఎవరికీ ఇవ్వను. ఉద్యోగం మానేసిన రోజే ‘రివోక్’తో ఆ హక్కులు వెనక్కి తీసుకుని, అకౌంట్‌కి తాళం వేస్తాను. ఎవరు ఏం మార్చారో నమోదయ్యే ఆడిట్ ఏర్పాటు కూడా ఆన్ చేసి ఉంచుతాను. అది లేకపోతే ఎన్ని పేర్లున్నా ప్రయోజనం ఉండదు.

‘‘ఇంతమందికి ఇన్ని ఎందుకు సార్, ఒకటి చాలదా?’’ అని ఇప్పటికీ అడుగుతుంటారు. దొంగను పట్టుకోవడానికనే చాలామంది అనుకుంటారు. తప్పు చేయనివాడు తలెత్తుకుని తిరగడానికి కూడా అని చెబుతాను.

ఆ రోజు బాకీ చెరిపింది ఎవరో నాకు నేటికీ తెలియదు.