మేపుల్ పాకము

క్రిస్మసు దినములు వచ్చినవన్న మా వంటయింటి అలమరలో నొక చిన్న రేకుడబ్బా తప్పక యుండును. అందున్నది మేపుల్ అను చెట్టు నీటిని కాచి చేసిన పాకము. రంగున మన చెరకు పాకమును బోలియుండును, రుచి వేరు. వస్తువు తీయనిదే కాని, మా యింట దాని కథ మొదట చేదుగనే యుండెను. ఆ చేదును దాచుకొనుటకంటె మీతో చెప్పుకొనుట మేలని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము 2022వ సంవత్సరము ఆగస్టు మాసమున కెనడా దేశమునకు వచ్చి, అంటారియో రాష్ట్రమున లానార్కు అను ప్రాంతములో నొక చిన్న యూర కాపురము పెట్టితిమి. మా వారు స్వదేశమున పదునొకండేండ్లు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పినవారు. అయినను ఇచ్చటి యోగ్యతాపత్రము చేతికి వచ్చువరకు బడిలో పాఠము చెప్పుటకు వీలు లేదు. అందుచే ఆ శీతకాలమంతయు రాత్రివేళ నొక సరకుల గిడ్డంగిలో పెట్టెలు మోసిరి. తెల్లవారి యింటికి వచ్చి, చేతుల పగుళ్లకు కొబ్బరినూనె రాచుకొని, మాటలాడకయే పండుకొనెడివారు. సుద్దముక్క పట్టిన చేతులు అట్లగుట చూచి మా మనస్సెట్లుండెనో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. పుట్టింటికి మాత్రము అందరము క్షేమమనియే చెప్పెడివారము.

మా పొరుగున ఎనుబదియేండ్లకు చేరువైన యొక అవ్వ ఒంటిగా కాపురముండెను. డిసెంబరు 24వ తేదీ ఉదయమున మా వారు బండి దొరకక, మోకాలిలోతు మంచులో నడచి యిల్లు చేరుట ఆమె తన కిటికీనుండి చూచెను. ఆ సాయంకాలమే వచ్చి మా తలుపు తట్టి, ఎఱ్ఱని పట్టీ కట్టిన రేకుడబ్బా నొకదానిని మా చిన్నవాని చేతిలో పెట్టి, "మా తమ్ముని తోటలోనిదమ్మా, పిల్లలకు పెట్టు" మని చెప్పి, మారుమాటకు నిలువక వెడలిపోయెను.

ఇది బహుమానమా, భిక్షమా యని మాకు సందేహము కలిగెను. ఉదయమున చూచి సాయంకాలమున తెచ్చినది గనుక, జాలిపడి యిచ్చినదే యని నిశ్చయించుకొంటిమి. పంతులుగారి యిల్లాలికి వీధిలో పదిమంది చేతులెత్తి మ్రొక్కిన యూరినుండి వచ్చినవారము. ఒకరి జాలిని తినుటకు మనసొప్పలేదు. డబ్బాను బియ్యపు పీపా వెనుకకు నెట్టితిమి. "వెళ్లి ఒక మాట చెప్పి రావలదా?" యని మా వారడుగగా, "తరువాత చూత" మంటిమి. ఆ తరువాత అనునది జనవరిలో రాలేదు, ఫిబ్రవరిలోను రాలేదు. వీధిలో అవ్వ కనబడినప్పుడు తల యూచి తొలగిపోయెడివారము.

చిన్నతనమున మా తాతగారు మాకు రామాయణము చెప్పెడివారు. కిష్కింధాకాండమున సుగ్రీవుడు వానకాలము గడచినను తన మాట తలపునకు తెచ్చుకొనక సుఖములలో మునిగియుండుటయు, లక్ష్మణుడు కోపించి వచ్చి కృతఘ్నతకు ప్రాయశ్చిత్తము లేదని గద్దించుటయు విని, సుగ్రీవుని మీద మాకు మిక్కిలి కోపము వచ్చెడిది. "వాడు చెడ్డవాడు కాడమ్మా, ఆలస్యము చేసినవాడు" అని తాతగారు నవ్వెడివారు. సుగ్రీవునకు వానకాలమువలె మాకు చలికాలము గడచిపోయినదని అప్పుడు తోచలేదు.

2023వ సంవత్సరము మార్చి మాసమున అవ్వయే మరల వచ్చెను. ఈ సారి ఆమె చేతిలో ఏమియు లేదు. "మా తమ్మునికి నడుము పట్టినది. చెట్లనీరు మోయుటకు మనుషులు చాలలేదు. శనివారము మీరు రాగలరా?" యని అడిగెను. ఇచ్చుటకు వచ్చినప్పుడు కుంచించుకొనిన మా మనస్సు, అడుగుటకు వచ్చినప్పుడు ఎందుచేతనో విప్పారినది. పిల్లలతో అందరమును వెళ్లితిమి.

ఆ తోటలో మంచు ఇంకను కరగలేదు. చెట్లకు ఒక్క ఆకైనను లేదు. మేపుల్ చెట్టు వేసవిలో సంపాదించిన ఆహారమును పిండిగా మార్చి తన కట్టెలో దాచుకొనును. శీతకాలము ముగియు వేళ అది చక్కెరగా మారును. రాత్రి నీరు గడ్డకట్టునంత చలియు, పగలు మంచు కరగునంత వెచ్చదనమును ఉన్న కొద్ది వారములు మాత్రమే ఆ తీయనినీరు కారును. చెట్టునకు రెండంగుళముల లోతు కన్నము తొలిచి, చిన్న గొట్టము దిగగొట్టి, బాల్చీ తగిలింతురు. చిగురు మొలకెత్తగనే నీటి రుచి చెడును, పని ముగియును. సుమారు నలువదియేండ్ల వయసు రానిదే చెట్టు కన్నము తొలుచుటకు తగదట. తాతలు కాపాడిన చెట్ల తీపినే మనుమలు తినుచున్నారన్నమాట.

బాల్చీలోని నీటిని రుచిచూచితిమి. తీపి ఉండీ ఉండనట్లున్నది. నూటికి రెండుపాళ్లే చక్కెర యట. దానిని వెడల్పయిన పెనములలో పోసి, కట్టెలమంటపై గంటల తరబడి కాచుచుండిరి. పాక యంతయు ఆవిరి నిండెను. ఆ వాసన తగులగనే మాకు అనకాపల్లి చేరువనున్న మా అమ్మమ్మగారి యూరు కన్నులకు కట్టినది. చెరకు గానుగ, బెల్లపు పెనము, తేలిన మడ్డిని తీయు గరిట, పొయ్యి చుట్టును పిల్లలము. ముసలి తమ్ముడు గరిట ముంచి యెత్తి పాకము జారుతీరు చూచుచుండగా, మేము పట్టలేక "ఇంకను కొంచెము కాగవలె" నంటిమి. ఆయన పరీక్షగొట్టము ముంచి చూచి, "అవును, కొంచెము తక్కువే. ఎట్లు తెలిసినది?" అని ఆశ్చర్యపడెను. కొన్ని మాసములకు ఆ దినమున మొదటిసారి మాకు తెలిసిన పని యొకటి పరదేశమున పనికివచ్చినది.

లెక్కలు మా వారి విద్య గదా! ఒక లీటరు పాకమునకు సుమారు 40 లీటర్ల చెట్టునీరు కావలెనని తెలిసికొని, ఆ చేతిలోని 540 మిల్లీలీటర్ల డబ్బాకు 21 లీటర్లకు పైబడి పట్టునని పిల్లలకు చెప్పుచుండిరి. మాకప్పుడు బియ్యపు పీపా వెనుకనున్న డబ్బా జ్ఞాపకము వచ్చి ముఖము వాడినది. సాయంకాలము అవ్వయు మేమును పొయ్యి దగ్గర కూర్చుండినప్పుడు, ఇక దాచలేక ఉన్న మాట చెప్పివేసితిమి. "మీరిచ్చిన డబ్బా మేమింకను విప్పలేదు. జాలితో ఇచ్చితిరనుకొంటిమి."

అవ్వ కొంతసేపు మంటవంక చూచి యిట్లు చెప్పెను. "నా భర్త పోయిన తరువాత రాత్రులు నాకు నిద్దుర పట్టదు. కిటికీ దగ్గర కూర్చుండిన వీధి యంతయు చీకటి. మీరు వచ్చిననాటినుండి మీ వంటయింట దీపము తెల్లవారువరకు వెలుగుచుండెను. నాతోపాటు మేలుకొన్నవారొకరున్నారని ధైర్యముగా నుండెను. అందుకు నేను మీకు కృతజ్ఞత చెప్పితిని. అంతే తల్లీ."

మా వారు రాత్రిపనికి వెళ్లినప్పుడు, భయమునకు నిద్రపట్టక, ఆ దీపము క్రింద మేము ఏదో కుట్టుకొనుచు కూర్చుండెడివారము. మా దుఃఖమునకు గుర్తని యెంచిన దీపము ఒకరికి తోడైనదని మేమెరుగము. ఆమె కృతజ్ఞతను మేము మూడు మాసములు పీపా వెనుక దాచితిమి! కన్నీరు తుడుచుకొనుచు క్షమింపుమని అడిగితిమి. ఆమె నవ్వి, "విప్పని డబ్బా చెడదులే" యనెను.

మరునాడు ఆ డబ్బా విప్పి, దోసెలకు నంచుకొని తింటిమి. ఆ సాయంకాలము పొంగలి వండి అవ్వకు తీసికొనిపోయితిమి. క్రిస్మసు మన ధనుర్మాసముననే వచ్చును గనుక, నాటినుండి ఏటేట ఆ పండుగనాడు ఈ పొంగలి మా యింట ఆచారమైనది. గ్లాసుడు బియ్యము, అరగ్లాసు పెసరపప్పు మెత్తగా నుడికించి, పొయ్యి దింపిన పిదప ముప్పాతిక గ్లాసు పాకము కలిపి, నేతిలో వేచిన జీడిపప్పు వేయవలెను. ఏలకులు కొద్దిగానే వేయుడు. లేనిచో పాకపు వాసన అణగిపోవును. మా వారికి 2024వ సంవత్సరమున యోగ్యతాపత్రము వచ్చి, ఇప్పుడు మరల సుద్దముక్క పట్టుచున్నారు. ఇప్పుడు రాత్రులు మేమును నిద్రింతుము. కాని వంటయింటి దీపము మాత్రము ఆర్పము.

ఈ పాకము తీయుట తెల్లవారు ఈ ఖండమునకు రాకమునుపే ఇచ్చటి ఆదిమజాతులకు తెలియును. వారిలో హోడెనొషోనీ అను జాతివారు సభ కూడినప్పుడెల్ల, అన్ని మాటలకంటె ముందుగా భూమికి, నీళ్లకు, చెట్లకు, పక్షులకు, సూర్యచంద్రులకు వరుసగా కృతజ్ఞత చెప్పుదురు. చెట్లలో మేపులే వారికి పెద్ద. ఇది విని మాకు క్రొత్త యనిపించలేదు. పక్కదిగునప్పుడు పాదము మోపుటకు భూదేవిని క్షమాపణ వేడుటయు, కనుమనాడు పశువులను పూజించుటయు మన యిండ్లలో లేవా? చెట్టునకును పశువునకును మ్రొక్కుట నేర్చిన మనము, ఎదురింటి మనిషికి ఒక మంచిమాట చెప్పుటకు మాత్రము అభిమానము అడ్డుపెట్టుకొందుము.

ఇప్పుడు రాత్రి భోజనమునకు ముందు మా పిల్లలు ఆనాడు తమకు మేలుచేసిన వారినొకరిని తలచుకొందురు. బడిబండి నడుపువాడు, మంచు తుడిచినవాడు, పెన్సిలు ఎరువిచ్చిన స్నేహితుడు, ఎవరైనను సరే. మరునాడు ఆ మాటను వారికే చెప్పి రావలెనని నియమము. పీపా వెనుక దాచిన మాట ఎవరికిని తీపి కాదు. మీ యిండ్లలోను అట్టి డబ్బా యేదైన నున్నచో, అమ్మలారా, ఈ పూటయే విప్పుడు.