పెరటి పత్తి

పర్చూరు, ఇంకొల్లు ప్రాంతపు నల్లరేగడి నేల వర్షర్తువులో పాదాన్ని విడువదు. గ్రీష్మంలో అరచేయి దూరేటంతగా నెర్రెలు విచ్చుతుంది. నాడు ప్రకాశం జిల్లాలోనూ, 2022 నుండి బాపట్ల జిల్లాలోనూ ఉన్న ఆ సీమలో, ఒక గ్రామ శివాలయానికి నాలుగిళ్ల అవతల నివసించిన ఒక కర్షకమాతను ఊరంతా ‘నాయనమ్మ’ అనే పిలిచేది. సొంత మనుమలు ముగ్గురే. పిలిచేవారికి మాత్రం లెక్క లేదు. ఆమెకు అక్షరాభ్యాసం జరుగలేదు. కాగితం మీద వేలిముద్రయే ఆమె సంతకం.

కార్తికం ప్రవేశించేనాటికి చేలో పత్తి తొలి తీతకు వచ్చేది. బేరగాడి కాటాకు ఎక్కకముందే ఒక ఒడినిండా పత్తి దేవుని పాలు. దానిలోని గింజలను గోటితో ఒలిచి, దూదిని వ్రేళ్లతోనే పొరలు పొరలుగా విడదీసి, విభూతి అద్దిన వ్రేళ్లతో వత్తులు చేసేవారు. అడ్డవత్తులు నిత్యదీపానికి, పువ్వువత్తులు సోమవారాలకు, పౌర్ణమికి మూడువందల అరవై ఐదు వత్తుల కట్టలు. ఊరిలో ఎందరు ముత్తైదువలున్నారో అన్ని కట్టలు! ఎవరి వద్దనూ పైసా పుచ్చుకొనలేదు.

ఇది భక్తి. ఆమెలో మరొకటి ఉన్నది; దానిని కవిత్వమనడానికి సంకోచించనక్కరలేదు. మాఘ ఫాల్గుణాలలో కల్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు, ఎర్రని పండుకాయల నుండి రంగు విరిగి పాలిపోయిన తాలుకాయలను ఏరివేయడం స్త్రీల పని. తాలుకాయకు ధర తక్కువ. అందరూ వాటిని ఒక మూలకు విసిరేవారు. నాయనమ్మ మాత్రం ఏరిన కాయను ఏరినట్లే కల్లం అంచున పేర్చుతూ పోయేవారు. సాయంకాలానికి అక్కడ అష్టదళ పద్మమో, రథమో వెలసేది. మరునాడు దానిని చెరిపి మరొకటి. ఘాటుకు కళ్లు మండుతూ ఉంటే పాట కట్టి పాడేవారు. అవన్నీ రామకథలే గాని, ఆ రామకథలో అశోకవనాన హనుమ కనబడగానే సీతమ్మ మొదట అడిగేది రాముని క్షేమం కాదు. ‘నాయనా, ఏమన్నా తిన్నావా’ అని. సముద్రం దాటి వచ్చిన పిల్లవానిని ఏ తల్లి అయినా అదే కదా అడుగుతుందని ఆమె వాదం. పండితులు కాదనవచ్చును. కల్లంలోని స్త్రీలెవరూ కాదనలేదు.

1987 ఉగాదితో ప్రభవ నామ సంవత్సరం ఆరంభమైనది. అరువది సంవత్సరాల చక్రంలో మొదటిది, ప్రభవమనగా పుట్టుక. ఆ ఏట గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో పుట్టినది తెల్లదోమ. ఆకు అడుగున చేరి రసం పీల్చే ఆ క్షుద్రజీవి కొట్టిన మందుకు లొంగలేదు. ఇంకా తీవ్రమైన మందు, దానికి అప్పు. అదీ పనిచేయక మరొకటి, దానికి ఇంకొక అప్పు. మన రైతు భాషలో ఔషధానికీ విషానికీ ఒకటే మాట: మందు. పంట పోయి, అప్పు మిగిలి, ఆ రెండు జిల్లాలలో పలువురు పత్తి రైతులు ప్రాణత్యాగం చేసిన కాలమది. 1988 మాఘమాసంలో ఒక వేకువన నాయనమ్మ కుమారుడు, చేనికి కొట్టగా మిగిలిన మందు తాగి, చేని గట్టునే ఒరిగిపోయాడు.

దుర్మరణానికి విధింపబడిన నారాయణబలి జరిపించిన పిమ్మట తక్కిన క్రియలు నడిచినవి. చావు స్వయంకృతమా, దోషమెంత అని అరుగుల మీద కొందరు తర్కించారు. శాస్త్రం ప్రాయశ్చిత్తం చెప్పినది గతించినవానికి ఊర్ధ్వగతి కలుగుటకే గాని, బ్రతికినవారి నోటికి పని కల్పించుటకు కాదు. నాయనమ్మ ఆ మాటలన్నీ విన్నారు. ఏమీ అనలేదు. ఆ కార్తికంలో ఆమె ఇంటి నుండి గుడికి వత్తి రాలేదు. ఏడాది మైల అనుకున్నారు అందరూ.

సాంవత్సరికం ముగిసిన కొన్నాళ్లకు, గుడి మంటపంలో వృద్ధ అర్చకుని ఎదుట నిలిచి ఆమె ఒక ప్రశ్న అడిగారు.

“అయ్యగారూ, ఆ మందు ముందు నేల తాగింది, తరవాత పత్తి తాగింది, ఆఖర్న మావాడు తాగాడు. దోషం మావాడికేనా? ఆ పత్తితో చేసిన వత్తి సామికి పనికొచ్చిద్దా?”

తంతువు లేనిదే పటం లేదని, పటం తంతువు కంటె వేరు కాదని వేదాంతులు చెబుతారు. కారణంలోని గుణం కార్యంలోకి దిగివస్తుందని తార్కికులు చెబుతారు. ఆ రెండు శాస్త్రాల పేరైనా ఎరుగని స్త్రీ అడిగినది ఆ రెండింటి హృదయంలోని ప్రశ్న. అర్చకుడు అప్పటికప్పుడు బదులీయలేకపోయాడు.

“రేపు రండమ్మా, చూసి చెబుతాను” అన్నాడు.

ఆ రాత్రి ధర్మశాస్త్రాలలో ద్రవ్యశుద్ధి ప్రకరణాలు తిరగవేశాడు. జలంతో, ఎండతో, ప్రోక్షణతో వస్తువు శుద్ధి పొందే విధానం మరునాడు ఆమెకు సవిస్తరంగా చెప్పాడు. చెప్పినది సత్యమే. ఆమె చేతులు జోడించి విన్నారు.

“మీరు చెప్పింది నిజమే అయ్యగారూ. కడిగితే పోయిద్ది. నా చేతికే పోవట్లా” అని వెళ్లిపోయారు.

ఆ ఆషాఢంలో పుట్టినింటి పెరటి నుండి గుప్పెడు గింజలు తెప్పించారు. అది చేలలో వేసే సంకర జాతి కాదు. ఇళ్లలో దేవుని వత్తులకై పెంచే చెట్టుపత్తి. నూతి గట్టు దగ్గర పాదు తీసి నాటారు. పురుగు పట్టిన ఆకులను చేతితో ఏరివేశారు; బూడిద చల్లారు. అంతకు మించి ఏమీ చల్లలేదు. కోడలు నీళ్లు పోసేది. భర్త పోయిన ఆ పిల్ల అంతకు ముందు ఏడాదిపాటు పెరటిలోకే రాలేదు.

మొదటి ఏడు కాచిన కాయలు పదికి మించలేదు. 1990 మహాశివరాత్రినాడు, ఊరి ప్రభ వెంట జనమంతా కోటప్పకొండకు తరలిపోగా, నిర్మానుష్యమైన శివాలయానికి అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. అర్చకుని చేతిలో ఆమె ఉంచినది ఒకే ఒక అడ్డవత్తి. లింగోద్భవ కాలంలో గర్భాలయంలో వెలిగినది అదే.

తరువాతి ఏళ్లలో ఆమె మరల కల్లానికి వెళ్లారు. తాలుకాయల పద్మాలు మరల వెలిశాయి. పాట కూడా వచ్చింది. కాని లక్ష్మణమూర్ఛ పాటను మాత్రం పూర్తిగా ఎన్నడూ పాడలేదు. ఇంద్రజిత్తు బాణం, రాముని విలాపం, ఓషధి కోసం హనుమ ఆకాశానికి ఎగరడం వరకు వచ్చేవారు. ఆమె కట్టిన పాటలో ఓషధి అని లేదు, ‘మందు’ అని ఉన్నది. ఆ మాట దగ్గర గొంతు ఆగిపోయేది. తరువాత ఏమైందని చిన్నపిల్లలెవరైనా అడిగితే, “ఇంకా కొండ రాలేదమ్మా” అని కాయలు ఏరుకుంటూ కూర్చునేవారు. పూర్వం ఆ పాటను కడదాకా విన్న స్త్రీలుండేవారు. వారెవరూ అందుకొని పాడలేదు.

నాయనమ్మ శివసాయుజ్యం పొందిన తరువాత కోడలు ఏటా గింజలు తీసి దాచి, పాత చెట్టు ఎండకముందే కొత్త పాదు పెడుతున్నది. ఆమెకిప్పుడు మనుమరాలున్నది. వత్తులు చేసేటప్పుడు ఆ పిల్లకు లక్ష్మణమూర్ఛ పాట నేర్పుతున్నది, హనుమ ఎగిరే చోటు వరకు. అక్కడి నుండి మిగిలిన చరణాలు ఇంట్లో ఎవరికీ రావు.