84 రోజులు.. 58,600 రూపాయలు!

నా ఫోన్‌లో ఓ ఎక్సెల్ షీట్ ఉంది. అందులో జూన్ 14 తేదీ దగ్గర రెండు వరసలు పక్కపక్కనే ఉంటాయి. ‘రిక్షా - 30, బేరమాడి 20 మిగిల్చా’. దాని కింద ‘కోల్డ్ కాఫీ - 160’.

కాశీలో గోదౌలియా చౌరస్తా. ఫోన్ 43 డిగ్రీలు చూపిస్తోంది. సైకిల్ రిక్షా తొక్కే ఆయనకి మా నాన్న వయసుంటుంది. యాభై అడిగితే ముప్పైకి ఒప్పించా. దిగాక ‘బడ్జెట్ ట్రావెలర్ అంటే ఇలా ఉండాలి’ అని నన్ను నేనే మెచ్చుకున్నా కూడా. గంట తర్వాత వైఫై కోసం ఓ కేఫ్‌లో కూర్చుని, మెనూలో ధర కూడా చూడకుండా కాఫీ చెప్పా. రాత్రి లెక్క రాసుకుంటుంటే రెండూ ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చున్నాయి.

అసలు సంగతి మొదట్నుంచి చెప్తా.

మే నెలలో ఓ మంగళవారం పొద్దున పదింటికి మీటింగ్ అన్నారు. పది ఇరవైకల్లా ల్యాప్‌టాప్ లాకైపోయింది. నాలుగున్నరేళ్లు చేసిన ఉద్యోగం. మా టీమ్‌లో ఆరుగురం ఒకేసారి బయటికొచ్చాం. అకౌంట్‌లో 2,30,000 ఉంది. కొండాపూర్‌లో పీజీ, తిండి, తిరుగుళ్లు, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్లు.. అన్నీ కలిపి నెలకి 27 వేలు అయ్యేది. గదిలో కూర్చుని అప్లికేషన్లు పెట్టుకుంటే ఎనిమిది నెలలు గడుస్తుంది. మరి అదే డబ్బుతో తిరుగుతూ పెట్టుకుంటే?

టూర్ అంటే అదనపు ఖర్చు అనుకుంటాం. ఎందుకంటే ఇక్కడ అద్దె కడుతూనే అక్కడా గది తీసుకుంటాం. నేను పీజీ ఖాళీ చేసేశా. సామానంతా రెండు అట్టపెట్టెల్లో కుక్కి ఫ్రెండ్ గదిలో పడేశా. అడ్వాన్స్ వెనక్కొచ్చింది. మొత్తం ట్రిప్‌లో నేను చేసిన పెద్ద పొదుపు అదే. అప్పటికింకా రైలు కూడా ఎక్కలేదు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా ఖమ్మం డిపోలో రిటైరయ్యారు. ‘ఎక్కణ్నుంచైనా పని చేసుకోవచ్చు నాన్నా’ అన్నా. పూర్తిగా అబద్ధం కాదు, పని వెతుక్కోవడం ఎక్కణ్నుంచైనా వెతుక్కోవచ్చు కదా!

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కా, స్లీపర్. మొదట నాగ్‌పూర్‌లో దిగుదాం, జబల్‌పూర్‌లో దిగుదాం అని ముక్కలుముక్కలుగా ప్లాన్ వేశా. రైల్వే చార్జీల లెక్క తెలిశాక మానేశా. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే ధర తగ్గుతుంది. ప్రయాణాన్ని ముక్కలు చేస్తే ప్రతి ముక్కకీ మళ్లీ మొదటి రేటే, రిజర్వేషన్ చార్జీ కూడా ప్రతిసారీ వేరే. ఒక నెల తిరగాలనుకునేవాళ్లు సర్క్యులర్ జర్నీ టికెట్ గురించి స్టేషన్‌లో అడగండి. బయల్దేరిన చోటికే తిరిగొచ్చేలా రూట్ రాసిస్తే, మొత్తం దూరానికి కలిపి ఒకే టికెట్ ఇస్తారు, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా ఆగొచ్చు. దాని గడువు కిలోమీటర్లని బట్టి ఉంటుంది కాబట్టి నా మూడు నెలలకి సరిపోలేదు.

కాశీలో ఉన్నాననగానే అమ్మ ‘తొమ్మిది నిద్రలు చేసి రారా’ అంది. ఎండాకాలం కాబట్టి డార్మిటరీలో బెడ్ 350కే దొరికింది. పొద్దున ఆకు దొన్నెలో కచోరీ, జిలేబీ. కొన్ని మధ్యాహ్నాలు పాండే హవేలీ దగ్గర ఆంధ్రా ఆశ్రమంలో పప్పన్నం, పెరుగు. ఊరు దాటి పదిహేను వందల కిలోమీటర్లొచ్చాక పక్క విస్తట్లోంచి ‘కొంచెం చారు పొయ్యండి’ అని వినిపిస్తే ఎలా ఉంటుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

కాఫీ తాగిన మర్నాడే పడ్డా. నీళ్ల బాటిల్‌కి 20 రూపాయలు ఎందుకని ఎక్కడ కుళాయి కనపడితే అక్కడ పట్టుకుని తాగుతున్నా మరి. వాంతులు, విరేచనాలు. ఓ క్లినిక్‌లో సెలైన్, మందులు, పరీక్షలు కలిపి 2,800. అంటే 140 బాటిళ్లు. తొమ్మిది నిద్రలు కాస్తా పదకొండయ్యాయి. ఆ మంచం మీద పడుకున్నప్పుడే ఇంకోటి వెలిగింది. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోయింది. అడ్మిట్ చేయాలంటే నా చేతిలో ఏ కార్డూ లేదు. జ్వరం తగ్గాక మొదట చేసిన పని, నా పేరు మీద సొంతంగా ఓ పాలసీ తీసుకోవడం. అమ్మానాన్నల సంగతి ఉద్యోగం వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేశా.

అమృత్‌సర్‌లో మూడు రోజులు. స్వర్ణ దేవాలయం యాత్రికుల నివాసంలో పడక, లంగర్‌లో భోజనం. షీట్‌లో ధైర్యంగా సున్నా వేసుకున్నా. రెండో రోజు వరసలో కూర్చుని రొట్టె కోసం రెండు చేతులూ చాచాను. అక్కడ అలాగే తీసుకోవాలి. నా రెండు పక్కలా ఉన్నవాళ్లూ అలాగే చాచారు. వాళ్లలో ఎవరూ దీన్ని ఫోన్‌లో ‘సేవింగ్స్’ కింద రాసుకోరేమో అనిపించింది. తినేసి కంచాలు కడిగేచోట నిలబడ్డా. స్టీలు కంచాల మోతకి చెవులు గింగురుమన్నాయి. రోజుకి రెండు గంటలు కడిగా. నేను కడిగినంత మాత్రాన వాళ్లకి ఒరిగిందేమీ లేదు, అక్కడ చేతులకి కొదవ లేదు.

పఠాన్‌కోట్ మీదుగా హిమాచల్ ఆర్టీసీ బస్సులో ధర్మశాల, అక్కణ్నుంచి పైన ధర్మ్‌కోట్. వర్షాకాలం, టూరిస్టులు దిగిపోతున్న సమయం. రోజుకి వెయ్యి చెప్పిన గదినే ‘రెండు నెలలుంటా’ అంటే నెలకి 7,500కి ఇచ్చారు, వంటగదితో సహా. యాప్‌లో వెతికితే ఈ రేటు దొరకదు. ఒకట్రెండు రాత్రులకే బుక్ చేసుకుని, ఊళ్లో నడుచుకుంటూ నాలుగు ఇళ్లు అడగాలి. చౌకగా ఎందుకిచ్చారో వారంలోనే అర్థమైంది. జూలైలో అక్కడ ఉతికిన బట్టలు ఆరవు. తడి సాక్సుల వాసనకి ముక్కు అలవాటు పడిపోయింది. కొండచరియలు విరిగిపడి రోడ్డు మూతబడితే కూరగాయలు రావు. అప్పుడు రాజ్మా, అన్నం, అమ్మ కట్టిచ్చిన కందిపొడి.

ఒక్కచోట కదలకుండా ఉంటే ఖర్చు ఎంత పడిపోతుందో షీట్ చూస్తే తెలుస్తుంది. కదిలిన రోజున పన్నెండు వందలైనా అయ్యేది. కదలని రోజున 500 దాటడం కష్టం. వారానికో ఊరు మారేవాళ్ల రీల్స్ చూసి మోసపోకండి. వాళ్ల డబ్బు చాలావరకూ దారిలోనే పోతుంది.

రేకుల కప్పు మీద వాన మోగుతుంటే పదకొండు ఇంటర్వ్యూలిచ్చా. ఓ ప్యానెల్‌లో అడిగిన మొదటి ప్రశ్న, ‘మీరు ఫ్యాక్టరీలో ఉన్నారా?’

ఆగస్టు మొదట్లో నాన్న ఫోన్ చేశారు. ఎడమ కంటికి శుక్లం ముదిరింది, ఆపరేషన్ చెయ్యాలన్నారట. ‘మీ కంపెనీ కార్డు పంపురా, క్యాష్‌లెస్ అవుతుందంటున్నారు.’ నాకు నోట మాట రాలేదు. తర్వాత అంతా చెప్పేశా. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. ‘సరే, చలికాలంలో చేయించుకుంటాలే. అంతదాకా కుడి కన్నుంది కదా’ అన్నారు. నేను ఊరుకోలేదు. ఆ రాత్రే 28 వేలు పంపించా. కుళాయి నీళ్లు తాగి, రిక్షా బేరాలాడి నేను మిగిల్చుకున్న చిల్లరంతా కలిపినా ఆ బిల్లులో ఓ మూలకి రాదు. పీజీ ఖాళీ చేసి మిగిల్చిన డబ్బే అక్కరకొచ్చింది.

ఆగస్టు 20న ఆఫర్ వచ్చింది, పాత జీతం కన్నా కొంచెం తక్కువకి. ధర్మ్‌కోట్‌లో గది ఖాళీ చేసి, ఢిల్లీలో రెండ్రోజులుండి 29న సికింద్రాబాద్‌లో దిగా. మొత్తం 84 రోజులు, 58,600. రోజుకి 700 లోపే. ఆపరేషన్ డబ్బు ఇందులో కలపలేదు.

ఖమ్మం వెళ్లగానే నాన్న షీట్ చూపించమన్నారు. ముప్పై ఏళ్లు రోజూ డ్యూటీ దిగి చిల్లరతో సహా లెక్క అప్పజెప్పిన మనిషి. కొత్త కంటితో ఫోన్‌ని దగ్గరికీ దూరానికీ జరుపుకుంటూ ఒక్కో వరసా చదివారు. ‘అమృత్‌సర్ దగ్గర సున్నా ఏంటి?’ అన్నారు. కంచాలు కడిగిన సంగతి చెప్పా. తలూపారు. ఇంకాస్త పైకి జరిపి జూన్ 14 దగ్గర ఆగారు.

‘ఈ ఇరవై మిగలడమేంటి?’

చెప్పాను.

‘ఎండలోనా?’ అన్నారు.